అణుధూళి పడితే మల్బరీ తోటకు ఏమవుతుంది?



హెబ్బగోడికి కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రం నేరుగా కొలిస్తే సుమారు 270 కిలోమీటర్ల దూరం. అక్కడి నుండి మన తోటల మీదికి అణుధూళి వచ్చిపడిన సంఘటన ఏదీ లేదు. కాబట్టి భయపడవలసిన పని లేదు. అయితే గాలికి సరిహద్దులు లేవు. 1986లో చెర్నోబిల్‌లో, 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో ప్రమాదాలు జరిగినప్పుడు ధూళి వందల కిలోమీటర్లు ప్రయాణించింది. ఆకును నమ్ముకుని బతికే మనం ఈ విషయం తెలుసుకుని ఉండడం మంచిది.

ధూళి పంటకు చేరే దారులు రెండు

1. ఆకు ద్వారా: గాలిలోని ధూళి, ముఖ్యంగా వాన పడినప్పుడు, ఆకుల మీద, కొమ్మల మీద పడుతుంది. కొంత పైనే అంటుకుంటుంది, కొంత ఆకులోకి ఇంకుతుంది. మొదటి రోజుల్లో ప్రమాదమంతా ఈ దారినే.

2. వేరు ద్వారా: నేల మీద పడినది తర్వాత వేళ్ళకు అందుతుంది. ఇది నెమ్మదిగా జరుగుతుంది గానీ ఏళ్ళ తరబడి సాగుతుంది.

ధూళిలో ముఖ్యమైనవి అయోడిన్-131, సీసియం-137. అయోడిన్ 8 రోజులకు సగమవుతుంది. 80 రోజులకు వెయ్యో వంతు మాత్రమే మిగులుతుంది. సీసియం సగం కావడానికి 30 ఏళ్ళు పడుతుంది. మొక్క దీనిని పొటాష్ అనుకుని పీల్చుకుంటుంది.

జపాన్ తేయాకు చెప్పిన పాఠం

2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగింది. ఆ మే నెలలో సుమారు 300 కిలోమీటర్ల దూరాన కనగావా ప్రాంతంలోని తేయాకు చిగుళ్ళలో సీసియం పరిమితికి మించి కనిపించింది. ధూళి పడిన నాటికి ఆ చిగుళ్ళు పుట్టనే లేదు. ముదురు ఆకులు పీల్చుకున్నది కొత్త చిగుళ్ళకు చేరింది. అక్కడి రైతులు పొదలను లోతుగా కత్తిరించి నష్టం తగ్గించుకున్నారు. తేయాకులాగే మల్బరీ కూడా కత్తిరింపుతో చిగురించే ఆకు పంటే గనుక ఈ పాఠం మనకూ వర్తిస్తుంది.

అలాంటి హెచ్చరిక వస్తే చేయవలసినవి

* ఇంట్లోనే ఉండమని అధికారులు చెబితే పురుగుల మేత కోసం తోటకు వెళ్ళకండి. ఒక పంట పోతే మళ్ళీ గుడ్లు తెచ్చుకోవచ్చు. ఆరోగ్యం అలా తిరిగి రాదు.
* బావులు, నీటి తొట్లు, పశువుల మేత కప్పి ఉంచండి. ఆవులను బయట మేపకండి. మేతలోని అయోడిన్ పాలలోకి వస్తుంది, పిల్లలకు అది మరీ ప్రమాదం.
* ఆకు కడిగితే పైధూళి కొంత పోతుంది గానీ లోపలికి ఇంకినది పోదు. పైగా తడి ఆకు పురుగులకు రోగాలు తెస్తుంది.
* పరీక్ష చేసి మంచిదని చెప్పేవరకు ఆ ఆకు పురుగులకు వేయవద్దు. మిగిలిన కాడలు పశువులకు వేయవద్దు. పురుగుల పెంటను తోటకు ఎరువుగా తోలవద్దు.
* అనుమతి వచ్చాక తోటను కిందికి కత్తిరించండి. కత్తిరించిన కొమ్మలను కాల్చవద్దు. కాలిస్తే పొగ, బూడిదల ద్వారా మళ్ళీ వ్యాపిస్తుంది. వాటిని విడిగా ఒకచోట పోగు చేయండి.

నేల సంగతి

సీసియం చాలా వరకు పై 5 సెంటీమీటర్ల మట్టిలోనే నిలుస్తుంది. అందుచేత వెంటనే లోతు దుక్కి చేయవద్దు. దున్నితే పైది కిందికి కలిసిపోయి తీయడానికి వీలుండదు. కొన్ని రకాల బంకమన్ను సీసియంను గట్టిగా పట్టుకుంటుంది. ఇసుక పాలు ఎక్కువగల ఎర్ర నేలలకు ఆ బలం తక్కువ. నేలలో పొటాష్ చాలినంత ఉంటే మొక్క సీసియంను తక్కువగా తీసుకుంటుంది. ఫుకుషిమా వరి పొలాలలో ఈ పద్ధతి బాగా పనిచేసింది. నీటి వసతిగల వి-1 తోటకు ఎకరానికి ఏడాదికి సిఫారసు చేసిన నత్రజని, భాస్వరం, పొటాష్ 140:56:56 కిలోలు. చాలామంది యూరియా వేసి పొటాష్ మానేస్తారు. మామూలు రోజుల్లో కూడా ఇది మంచిది కాదు.

రోజూ పడే ధూళి

అణుధూళి ఎన్నడూ రాకపోవచ్చు. ఇటుక బట్టీ పొగ, హోసూరు రోడ్డు దుమ్ము, బొమ్మసంద్ర వంటి పారిశ్రామిక వాడల పక్క గాలి మాత్రం రోజూ ఉన్నవే. ఇవి కూడా ఆ రెండు దారులనే ఆకుకు చేరతాయి. చైనాలోని జెజియాంగ్‌లో 1980లలో బట్టీల పొగలోని ఫ్లోరైడు ఆకులో చేరి పట్టు రైతులు బాగా నష్టపోయారు. పురుగులు మేత తగ్గించి, ఎగుడుదిగుడుగా పెరిగితే రోగమని మందులు చల్లేముందు ఆకు ఎక్కడిదో చూడండి. రోడ్డు పక్క, బట్టీ పక్క వరుసల ఆకును చాకీ పురుగులకు వేయకండి. ఆ వైపు గట్టు మీద ఎత్తుగా పెరిగే చెట్లు నాటండి.

ఆకు మీద, మట్టి మీద అనుమానం ఉంటే నమూనాతో సమీప పట్టు పరిశ్రమ శాఖ కార్యాలయానికి రండి.