ధవళేశ్వరంలో కాటన్ ప్రదర్శనశాల

పెనుగొండ పేరు వినగానే నగరేశ్వరస్వామి ఆలయం, వాసవీ కన్యకాపరమేశ్వరి గాథ స్ఫురిస్తాయి. ఆ ఊరి చుట్టూ కనుచూపు మేర పరచుకొన్న వరిచేలను చూచినవారు ఈ నేల అనాదిగా సస్యశ్యామలమని భావించడం సహజం. కాని అది నిజం కాదు. 1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన గోదావరి మండలాన్ని కకావికలు చేశాయి. నది నిండుగానే పారేది; నీరు మాత్రం పొలాలకు ఎక్కక సముద్రం పాలయ్యేది. ఆ దుఃస్థితి మారిన తీరు తెలియాలంటే ధవళేశ్వరం వెళ్లాలి.

అక్కడి కాటన్ ప్రదర్శనశాలలో ఆనకట్ట నమూనాలు, చిత్రపటాలు, నాటి యంత్రసామగ్రి భద్రపరచబడినవి. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన పని 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, లంకల నడుమ రాతి కట్టడం లేచింది. విజ్జేశ్వరం వద్ద బయలుదేరిన కాలువ పశ్చిమ డెల్టాకు ప్రాణం పోసింది. పాత ఆనకట్టకు బదులుగా నిర్మించిన నేటి బ్యారేజి 1982లో జాతికి అంకితమయింది.

నమూనాల ముందు సందర్శకుడు కొంత నిదానించాలి. లోతు తెలియని ఇసుకపై రాతికట్టను నిలుపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానం ఇంగ్లండులో కాక కావేరి ఒడ్డున లభించింది. చోళుల నాటి కల్లణైని కాటన్ తంజావూరు సీమలో శ్రద్ధగా పరిశీలించాడు. బరువైన బండలను ఇసుకలోకి దింపితే అవి కొంత కుంగి ఆగుతాయి. వాటిపై మరికొన్ని వేస్తూ పోతే పునాది స్థిరపడుతుంది. ఈ విద్యను దేశీయుల నుండే నేర్చుకొన్నామని కాటన్ స్వయంగా వ్రాశాడు. గురువును దాచని శిష్యుడు! కుంపిణీ ప్రభుత్వం మాత్రం కేవలం కరుణతో డబ్బు వెచ్చించలేదు. క్షీణించిన శిస్తు రాబడి దానిని కలవరపెట్టింది.

కాటన్ విగ్రహాలు గోదావరి జిల్లాలలో ఊరూరా కనిపిస్తాయి. పుణ్యస్నాన సమయాన ఆయన పేరు తలచుకొనే పురోహితులున్నారు. పనివారిని సమకూర్చి, కాటన్‌కు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్న పేరు ఎరిగినవారు తక్కువ. ఇక సుమారు 10,000 మంది కూలీలు, వందలాది వడ్రంగులు, కమ్మరులు ఎవరో చరిత్ర పదిలపరచలేదు. ధవళేశ్వరం కొండను తొలిచి, ఆ రాతిని పట్టాలపై నడిచే బండ్లలో ఏటి ఒడ్డుకు చేర్చి, మండుటెండలో ఇసుకలోకి దింపినవారు వారే.