మజిలీ : నడచి వచ్చు యాత్రికుని వాస్తువు

యాత్రాస్థల మనగానే మన దృష్టి గోపురము మీదికో గుమ్మటము మీదికో పోవును. కాని కాలినడకన వచ్చు యాత్రికునకు ముందుగా కావలసినవి నీరు, నీడ, విశ్రాంతి. ఈ మూడింటిని మనుష్యుడు నడువగల దూరములలో అమర్చుటయే యాత్రికుల వాస్తువని మా అభిప్రాయము.

మన ‘మజిలీ’ అను మాట అరబ్బీ ‘మంజిల్’ నుండి వచ్చినది. ఉర్దూ చదువు విద్యార్థికిని, తెలుగు చదువు విద్యార్థికిని ఇది ఉమ్మడి సొత్తు. ప్రయాణమున దిగి విశ్రమించు చోటని దీని భావము. కనుక ఈ మాటలోనే ఒక కొలత ఇమిడి యున్నది. కాలిబలమే ఆ కొలత.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, శ్రీశైలము దర్శించి, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరెను. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకి నీటివసతి, అంగళ్లు, దిగుటకు తావు ఎట్లున్నవో వ్రాయబడి యున్నది. దారిని గూర్చి యోచించువారికి అది నేటికిని పాఠమే.

హజ్ యాత్రాచరిత్రయు ఇదే చెప్పుచున్నది. ఖలీఫా హారూన్ అల్ రషీదు భార్య జుబేదా (మరణము 831) కూఫా నుండి మక్కాకు పోవు ఎడారి బాటను బావులతో, చెరువులతో, విడుదులతో బాగుచేయించెను. ఆ బాటలోని కొన్ని చెరువులకు ప్రక్కన చిన్న తొట్టి కట్టిరి. వాననీరు ముందు అందు నిలిచి, బురద అడుగున దిగిన పిదప, తేటనీరు చెరువులోనికి పారును.

ఇక మన ప్రాంతము చూతము. శ్రీశైలమునకు పశ్చిమద్వారము గద్వాల జిల్లాలోని ఆలంపురము. ఉత్తరద్వారము నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉమామహేశ్వరము. ఆలంపురమున బాదామి చాళుక్యుల ఆలయముల చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా కలదు. మొక్కులు వేరైనను దాహ మొక్కటే. ఉమామహేశ్వరమున ముందుకు వాలిన కొండచరియయే కప్పువలె నీడ నిచ్చును. బండనుండి నీరు రాలుచుండును. ప్రకృతి ఇంత సమకూర్చిన చోట మనము కట్టవలసినది స్వల్పము.

కఠినమైన పరీక్ష సలేశ్వరము. చైత్ర పూర్ణిమకు జరుగు ఈ జాతరకు వేలాది జనులు మండుటెండలో నల్లమల లోయలోనికి దిగుదురు. ఇచట చెంచులు పూజారులు. ఈ అడవి అమ్రాబాదు పులుల అభయారణ్యము. జాతర కొలది దినములే. మృగములకు అడవి ఏడాది పొడవునను ఇల్లు. కావున సిమెంటు సత్రములు ఇచట తగవు. వెదురుతోను ఆకులతోను వేసి, జాతర ముగియగానే తీసివేయు పందిళ్లు, మట్టికుండల చలివేంద్రములు, వృద్ధులు కూర్చుండుటకు బండలు, స్త్రీలకు మరుగైన తావులు చాలును. ఇరుకైన చోట దిగువారికిని ఎక్కువారికిని వేళలు వేరు చేయవలెను. తెచ్చిన చెత్తను తెచ్చినవారే తిరిగి కొనిపోవలెను. దారి నెరిగిన చెంచుల నడిగిన పిమ్మటనే గుంజ పాతవలెను.

విద్యార్థులారా! పటము గీయుటకు ముందు ఆ దారిని ఒకమారు నడువుడు. ఎచట దాహ మైనది, ఎచట కాళ్లు తడబడినవి, ఎచట నీడ కొరకు వెదకితిరి — అవి గుర్తింపుడు. కళాశాల కమిటీవారు ఉర్దూ, తెలుగు విద్యార్థులను కలిపి ఇట్టి పరిశీలనకు పంపిన యెడల, ఆ గుర్తులే మంచి నమూనా కాగలవని మా నమ్మకము.