ఇంగ్లీషు నేర్చుకుందాం: అల్లరికి మాట ‘మిస్‌చిఫ్’



మద్దిలపాలెంలో ఒక తల్లి బడి డైరీలో టీచరుగారికి ఇలా రాసిందనుకుందాం: “మై సన్ మేక్స్ మిస్‌చిఫ్.” ‘మా వాడు అల్లరి చేస్తాడండీ’ అని ఆమె భావం. కాని ‘మేక్ మిస్‌చిఫ్’ అంటే సాధారణంగా మనుషుల మధ్య తగవులు పెట్టడం. పాపం, ఆ పసివాడిపై లేనిపోని నింద పడుతుంది!

ఈ వాక్యాలు నేర్చుకోండి:

1. హీ ఈజ్ ఆల్వేస్ అప్ టు మిస్‌చిఫ్. – వాడు ఎప్పుడూ ఏదో అల్లరి చేస్తూనే ఉంటాడు.

2. కీప్ అవుట్ ఆఫ్ మిస్‌చిఫ్. – అల్లరి చేయకుండా ఉండు.

3. షీ ఈజ్ ఎ మిస్‌చివస్ గర్ల్. – ఆమె చిలిపి పిల్ల.

‘మెనీ మిస్‌చిఫ్స్’ అనకండి. ‘ఎ లాట్ ఆఫ్ మిస్‌చిఫ్’ అనండి. ‘మిస్‌చీవియస్’ అని సాగదీయకండి, ‘మిస్-చి-వస్’, అంతే.

చట్టంలో ఈ మాట మరీ బరువైనది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం, కావాలని గాని, తెలిసి గాని ఇతరుల ఆస్తికి అన్యాయంగా నష్టం కలిగించడం ‘మిస్‌చిఫ్’ అనే నేరం.

మన తెలుగు మాటకూ రెండు ముఖాలున్నాయి కదా! పిల్లలు అల్లరి చేస్తే ముచ్చట. పెద్దలు ఒకరిని అల్లరిపాలు చేస్తే వారి పరువు పోతుంది.

అభ్యాసం: మీ ఇంటి చిన్నారి గురించి ‘అప్ టు మిస్‌చిఫ్’తో రెండు వాక్యాలు రాయండి. రాసేముందు ఆలోచించండి: వాడు చేసింది ఆటా, హానా?