నేలకు బొగ్గు చేయు మేలు

కంచె గుంజలను పాతుటకు ముందు వాటి మొదళ్లను కాల్చు అలవాటు మన పెద్దలకు కలదు. కాలి నల్లబడిన కొయ్య మట్టిలో త్వరగా చివుకదని వారి నమ్మకము. మేమీ పాఠమున చెప్పబోవు సంగతికి ఆ అనుభవమే మూలము.

భంజనగర్ చుట్టుపట్ల మెట్టభూములు పెక్కు ఎర్రనివి. అవి నీటిని ఎక్కువకాలము పట్టియుంచజాలవు. గట్టివానలకు సారము దిగజారిపోవును. పులుపుగుణము, అనగా ఆమ్లత్వము, మిగులును. పశువుల ఎరువు వేసినను వేడియు తేమయు గల మన వాతావరణమున అది త్వరగా జీర్ణించును. కావున ఆ ఎరువు సారమును నిలుపు పదార్థమొకటి నేలకు కావలెను. అట్టిది బొగ్గు. గనులలో దొరకు నేలబొగ్గు గాదు. కంపను, కొమ్మలను కాల్చి చేసినది. నేలలో వేయుటకై చేసిన ఈ బొగ్గునకు శాస్త్రజ్ఞులు ‘బయోచార్’ అని పేరు పెట్టిరి.

బూడిదకును బొగ్గునకును భేదము

చెత్తను గాలి బాగుగా తగులునట్లు కాల్చినచో అందలి కర్బనము వాయువై పోయి బూడిద మిగులును. పోడు వ్యవసాయమున మొదటి పంటకు బలమిచ్చునది ఆ బూడిదయే. కొలది యేండ్లలో వానలకు అది కొట్టుకొనిపోవును. గాలి తక్కువగా తగులునట్లు కాల్చినచో కర్బనములో కొంత బొగ్గుగా నిలుచును. బొగ్గులో కంటికానని రంధ్రములు అసంఖ్యాకములు. నీరును, ఎరువు సారమును, మేలుచేయు సూక్ష్మజీవులును వాటిలో నిలుచును.

దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతమున నిస్సారమైన నేలల నడుమ అక్కడక్కడ నల్లని మట్టి కలదు. ప్రాచీనులు విడిచిన బొగ్గు, ఎముకలు, కుండపెంకులు, వంటచెత్త కలిసి యేర్పడిన ఆ నేలలు వందల యేండ్లు గడచినను నేటికిని సారవంతములు. మన దేశమున హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు కంది, ప్రత్తి, ఆముదపు కట్టెలను ఇనుపపీపాలో కాల్చి బొగ్గుచేయు సులభమైన కొలిమిని రూపొందించిరి.

చేయు విధము

పీపా లేనివారు గరాటువలె పైన వెడల్పుగను, అడుగున సన్నముగను ఉండునట్లు రెండడుగుల లోతు గుంట త్రవ్వవలెను. కందికంప, మొక్కజొన్న కండెలు, కొబ్బరిచిప్పలు, ఎండుకొమ్మలు బాగుగా ఎండినవై యుండవలెను. అడుగున చిన్నమంట వేసి, పై పొర తెల్లని బూడిద పట్టనారంభించగానే మరియొక పొర వేయుచుండవలెను. పై మంట గాలిని తానే తీసికొనుటచే క్రిందిది బొగ్గుగా మిగులును. గుంట నిండగానే నీరు పోసి పూర్తిగా ఆర్పవలెను. ఆలసించినచో మిగులునది బూడిదయే.

తడిబొగ్గును పొడిచేసి, దానితో సమానముగా చివికిన పేడ ఎరువు కలిపి, గోమూత్రము చల్లి, రెండు మూడు వారములు మాగనీయవలెను. వట్టి బొగ్గు వేసినచో అది నేలలోని సారమునే మొదట పీల్చుకొనును, మొక్కలు పసుపుబారవచ్చును. పెరటిలో చదరపు మీటరునకు కిలో బొగ్గు చాలును.

జాగ్రత్తలు

బొగ్గు క్షారగుణము కలది గనుక పులుపు నేలకు మేలు, చౌడునేలకు తగదు. వరిగడ్డి పశువుల మేత, దానిని కాల్చరాదు. ప్లాస్టిక్కును, రంగుపూసిన కొయ్యను మంటలో వేయరాదు. ఎండుబొగ్గు ధూళి ఊపిరికి చెరుపు; తడిపియే పొడిచేయవలెను. మంట దగ్గర పిల్లలను ఒంటరిగా విడువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. బొగ్గుకొరకు పచ్చనిచెట్టు నరుకరాదు. ఘుముసర కొండలలోని సాలవృక్షములు వాననీటిని నిలిపి, మట్టిని కాపాడుచున్నవి. పొలమును బాగుచేయు నెపమున అడవిని పోగొట్టుకొన్నచో, బొగ్గు ఎంత వేసినను ఆ నష్టము తీరదు. వ్యర్థమగు కంపయే మనకు ముడిసరుకు.

పిల్లలు చేసి చూడవలసినది

పెరటిలో సమానమైన రెండు మళ్లు చేసి, రెంటిలోను ఒకే నాడు వంగనారు నాటించుడు. రెండు మళ్లకును ఎరువు సమముగా వేసి, ఒకదానిలో మాత్రమే బొగ్గు చేర్చుడు. నీరు పెట్టిన తరువాత ఏ మడి ముందుగా ఎండినదో, ఎన్ని కాయలు కాసినవో పిల్లలచే తెలుగున వ్రాయించుడు. ఒక్క పంటతో తీర్పు చెప్పక, రెండు మూడు పంటలు చూడవలెను.