పొట్టలో కొవ్వు ఊరుకోదు నాన్నా

విజయనగరం

నానీ,

మీ అమ్మ నీ మెడికల్ రిపోర్టులు పంపింది. స్కానింగులో గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ అని రాశారు. లివర్ రక్తపరీక్ష ఎస్‌జీపీటీ 52, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. వాటి గురించి నువ్వు అన్న మాటలూ చెప్పింది: "మా మిల్లులో సగం మందికి ఇదే ఉంది, పైగా నేనేం లావుగా లేను." ఆ రెండో మాట గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద రాస్తే నైట్ షిఫ్టు దిగాకైనా ఒకసారి చదువుతావని ఆశ.

నువ్వు లావు కాదు, నిజమే. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. కానీ మీ అమ్మ చేత టేపు పెట్టించాను, బొడ్డు దగ్గర 96 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశపు మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలి. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే ముందుకొచ్చే ఒళ్లు మనవాళ్లలో చాలామందిది. పుణెలోని కేఈఎం ఆసుపత్రి డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఫొటోనే వేసి ఈ సంగతి చూపించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. తూకం యంత్రానికి ఆ తేడా తెలియలేదు. లివర్‌కి తెలుస్తుంది.

ఎలా తెలుస్తుందో చెబుతాను. బయాలజీ నా దగ్గరే చదువుకున్నావు కాబట్టి కష్టం కాదు. అప్పట్లో నేను మీకు కొవ్వంటే తిండి మిగిలితే దాచుకునే చోటు అని చెప్పాను, పుస్తకంలోనూ అంతే ఉండేది. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని కనిపెట్టాక ఆ పాఠం మారిపోయింది. కొవ్వు కణాలే హార్మోన్లు తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. లెప్టిన్ అసలు పని మెదడుకి "నిల్వ చాలు, ఇక తినకు" అని చెప్పడం. ఇంకోటి అడిపోనెక్టిన్. అది వాపుని అణచి, ఇన్సులిన్ సరిగా పనిచేసేలా చూస్తుంది. విచిత్రమేమంటే కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది, అడిపోనెక్టిన్ తగ్గుతుంది. లెప్టిన్ అతి అయితే వాపుని రేపుతుంది కాబట్టి, మంట రేపేది ఎక్కువై, ఆర్పేది తక్కువవుతుందన్నమాట. పొట్ట లోపలి కొవ్వు కణాలు ఉబ్బిపోయి ఆక్సిజన్ చాలక చచ్చిపోతుంటే, వాటిని తినడానికి రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లు చుట్టూ చేరతాయి. అవి వదిలే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి రసాయనాలు ఆ మంటని ఇంకా పెంచుతాయి. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం ముందు లివర్‌లోకే పోతుంది. తొడ మీది కొవ్వుకి అంత దగ్గరి దారి లేదు. నీ బరువు కంటే నీ నడుము కొలత నాకు ఎక్కువ భయం పుట్టించింది అందుకే.

ఇక మచ్చ సంగతి. ఇది నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. లివర్‌లో స్టెల్లేట్ కణాలని ఉంటాయి. మామూలుగా విటమిన్ ఎ దాచుకుని నిమ్మళంగా ఉంటాయి. లివర్‌కి దెబ్బ తగులుతూనే ఉంటే అవి రూపం మార్చుకుని కొల్లాజెన్ పోయడం మొదలుపెడతాయి. మీ మిల్లులో చెయ్యి కాలినచోట చర్మం గట్టిపడి మచ్చ మిగలడం చూశావు కదా, లోపలా అలాంటిదే జరుగుతుంది. ఒక్కసారి కాలితే ఒక్క మచ్చతో పోతుంది. ఏళ్ల తరబడి సన్నగా కాలుతూ ఉంటే లివరంతా మచ్చలు పరుచుకుంటాయి, చివరికి అదే సిరోసిస్. మచ్చ పడటంలో ఈ కొవ్వు హార్మోన్ల చెయ్యి ఉందని ఎలుకల్లో రుజువైంది. లెప్టిన్ తయారు చేసుకోలేని ఎలుకలకి లివర్ దెబ్బతినేలా రసాయనం ఇచ్చినా మచ్చ సరిగా పడలేదని 2002లో జపాన్, ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మరుసటి ఏడాది ఒసాకాలో అడిపోనెక్టిన్ లేని ఎలుకల మీద అలాంటి ప్రయోగమే చేస్తే మచ్చలు మామూలు కంటే ఎక్కువ పడ్డాయి.

మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోనూ లెప్టిన్ గురించి మరో సంగతి చెప్పిన ఎలుకలుండేవి. అక్కడి విస్టార్ ఎలుకల సంతతిలో వాటంతట అవే లావెక్కిపోయేవి పుట్టాయి, ఆ జాతి గురించి 1996లో ప్రకటించారు. కొన్నిటి బరువు కిలో దాటిపోయేది. వాటి రక్తంలో లెప్టిన్ పుష్కలంగా ఉంది, కానీ మెదడు ఆ మాట వినడం మానేసింది, అందుకే తింటూనే ఉండేవి. తెలుగు గడ్డ మీద జరిగిన పని కాబట్టి గర్వంగా చెబుతున్నాను.

లెప్టిన్‌ని శత్రువు అనుకోకు. ఒంట్లో కొవ్వు దాదాపు లేకుండా పుట్టేవాళ్లున్నారు. వాళ్లకి దాచుకునే చోటు లేక కొవ్వు లివర్‌లో పేరుకుంటుంది. లెప్టిన్‌ని ఇంజెక్షన్‌గా ఇస్తే వాళ్ల లివర్ తేలికపడుతుంది. దానికి మందుగా అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. ఏ హార్మోనూ చెడ్డది కాదు, పాళ్లు తప్పితేనే తంటా. అందుకే లెప్టిన్ పరీక్ష చేయించుకుంటానని ల్యాబుకి పరుగెత్తకు, నీకు దాంతో పని లేదు.

నీకు పనికొచ్చే లెక్క వేరే ఉంది. క్యూబాలో 293 మంది ఫ్యాటీ లివర్ రోగులు ఏడాది పాటు తిండీ నడకా మార్చుకున్నారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. బరువులో పది శాతమో, అంతకంటే ఎక్కువో తగ్గినవాళ్లలో 45 శాతం మందికి లివర్‌లో మచ్చ వెనక్కి తగ్గింది. మచ్చ పడితే ఇక అంతే అనుకునే రోజులు పోయాయి, ముదరకముందు అది కరిగే అవకాశం ఉంది. నీలా లావు కానివాళ్లకి మూడు నుంచి ఐదు శాతం తగ్గినా లివర్ కొవ్వు తగ్గుతుందంటారు. నీ లెక్కన రెండు నుంచి మూడున్నర కిలోలు. అది చెయ్యలేనిది కాదు.

నువ్వుండే భిలాయిలో అది ఎలా సాధించాలో కూడా నాకు తెలుసు, అక్కడే కదా బతుకంతా గడిపాను. 1959లో అక్కడి స్టీల్ ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి తరం డ్యూటీకి సైకిళ్ల మీద వెళ్లేది. మీ తాతగారూ అంతే. ఇప్పుడు మీరంతా బైకులు. సెక్టార్లలో వెడల్పాటి రోడ్లు, చెట్ల నీడ, ట్రాఫిక్ తక్కువ, ఇంతకంటే నడకకి అనువైన ఊరు ఏదీ? డ్యూటీకి సైకిల్ ఎక్కమని నేను అనను, నైట్ షిఫ్టు దిగి సైకిల్ తొక్కడం ప్రమాదం. నిద్రపోయి లేచాక సాయంత్రం అరగంట గట్టిగా నడువు. నైట్ షిఫ్టులో నడిరాత్రి పెద్ద భోజనం వద్దు. 2009లో అమెరికాలో పదిమందిని పగలు పడుకోబెట్టి రాత్రి మేల్కొలిపి చూస్తే లెప్టిన్ 17 శాతం పడిపోయింది, రక్తంలో చక్కెర 6 శాతం పెరిగింది. అంటే ఆకలి ఎక్కువ, తిన్నది అరిగించుకునే ఓపిక తక్కువ. ఇంటి నుంచి తెచ్చుకున్న పెసలో శనగలో తిని సరిపెట్టుకో. పొద్దున్న ఇంటికొస్తూ పోహా తింటే తిను, పక్కన జిలేబీ మానెయ్యి. అన్నం మానమనను, రెండో మారు వడ్డించుకోకు. మందు తాగడం మాత్రం పూర్తిగా మానాలి. "పండగకే కదా" అన్న మాట నా దగ్గర చెల్లదు.

డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకు, కోడల్ని తీసుకెళ్లు. ఫైబ్-4 లెక్క వెయ్యమని అడుగు: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో కట్టే లెక్క అది, ప్రత్యేకంగా ఖర్చేమీ లేదు. 1.3 లోపల వస్తే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ. ఎక్కువొస్తే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ అడుగు. హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, షుగర్ సంగతి తెలిపే హెచ్‌బీఏ1సీ కూడా చేయించుకో. ఎస్‌జీపీటీ నార్మల్‌కి వచ్చినా పని అయిపోయిందనుకోకు, అది మామూలుగా ఉన్నవాళ్లలోనూ మచ్చ ఉండొచ్చు. ఎవరో చెప్పిన లివర్ టానిక్కులు, బరువు తగ్గించే పొడులు కొని తాగావని తెలిస్తే నేనే రైలెక్కి వస్తాను. మీ నాన్నకి నలభై ఏళ్లకే షుగర్ వచ్చిన సంగతి డాక్టరుతో తప్పకుండా చెప్పు, మన ఇంట్లో అది దాచే అలవాటు ఉంది.

మీ పెద్దమ్మ