గ్యాస్ బండి ఇంజిను ఎక్కడ అరుగుతుంది?

విజయవాడ ఆటోనగర్‌లో సిలిండర్ హెడ్ల పని చేస్తూనే నా జుట్టు నెరిసింది. అంబాసిడర్ల నాటి నుంచి వ్యాగన్ఆర్‌ల దాకా ఎల్పీజీ మీద తిరిగిన బండ్ల హెడ్లు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి. గ్యాస్ కిట్ పెట్టించుకోవాలనుకునే ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే మాట: "గ్యాస్ పెడితే ఇంజిను పోతుందటగా?" కిట్ బిగించేవాడు "ఏమీ కాదండీ, లైఫ్ ఇంకా పెరుగుతుంది" అంటాడు. పెట్రోలు తప్ప వేరే ఎరగని చుట్టం "మూడేళ్ళలో ఇంజిను పని పెడుతుంది చూడు" అంటాడు. ఇద్దరు చెప్పేదీ సగమే నిజం. గ్యాస్ ఇంజిను కింది భాగాన్ని కాపాడుతుంది, పై భాగాన్ని తింటుంది. ఆ తేడా తెలిసి చూసుకున్న బండి పెట్రోలు బండికి ఏమాత్రం తీసిపోదు. తెలియకపోతే మాత్రం కిట్ మీద మిగిలిన డబ్బంతా ఒక్క హెడ్ పనికి పోతుంది. టాక్సీ మీద ఇల్లు గడిచేవాళ్ళకు అది చిన్న దెబ్బ కాదు. అందుకే ఇవి రాస్తున్నాను.

1. బోరు గురించి బెంగపెట్టుకోకండి.

పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజినులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. మిగిలిన తడి బోరు గోడ మీదున్న ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్కనుంచి సంపులోకి దిగి అక్కడి ఆయిల్‌ని కూడా పలచన చేస్తుంది. ఎల్పీజీ ఆవిరిగా వెళుతుంది కాబట్టి ఆ కడిగే పని ఉండదు. మసీ తక్కువే. బాగా తిరిగిన గ్యాస్ బండి హెడ్ దించి చూస్తే బోరులో హోనింగ్ గీతలు ఇంకా కనబడుతుంటాయి. బోరు పైఅంచున గోరుతో కింది నుంచి పైకి గీస్తే అరిగిన బండిలో గట్టు తగులుతుంది, దీంట్లో గోరు జారిపోతుంది. రింగులు, బేరింగులు కూడా అంతే నిబ్బరంగా ఉంటాయి.

కాబట్టి గ్యాస్ బండికి పికప్ తగ్గిందని తీసుకెళితే "బోరు పోయింది, ఇంజిను దించాలి" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. ముందు కంప్రెషన్ గేజ్ పెట్టించండి. కంప్రెషన్ తక్కువొచ్చిన సిలిండర్లో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్ళీ చూడమనండి. రీడింగ్ పెరిగితే రింగులది తప్పు. పెరక్కుండా అక్కడే నిలబడితే వాల్వు. గ్యాస్ బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఆ రెండోదే.

2. అరిగేది వాల్వు సీటు.

వాల్వు మూసుకున్నప్పుడు దాని అంచు హెడ్‌లో ఉన్న ఉంగరం లాంటి భాగం మీద కూర్చుంటుంది. అదే సీటు. ఇంజిను 3000 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1500 సార్లు ఆ సీటు మీద పడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వయితే కాగి కాగి ఉంటుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం సీటు గుండానే హెడ్‌లోకి, అక్కణ్ణుంచి రేడియేటర్ నీళ్ళలోకి దిగాలి. అంత వేడిలో లోహం మీద లోహం పడ్డ ప్రతిసారీ కంటికి కనబడని చుక్కలు అతుక్కుని, వాల్వు లేచినప్పుడు చిట్లి ఊడిపోతాయి. పెట్రోలు కాలినప్పుడు మిగిలే మడ్డి పొర మధ్యలో కొంత అడ్డుపడుతుంది. గ్యాస్ శుభ్రంగా, పొడిగా కాలుతుంది. బోరుకు మేలు చేసిన ఆ శుభ్రమే ఇక్కడ కీడు. ఇన్‌లెట్ వాల్వుకు పెట్రోలు తడి వల్ల వచ్చే చల్లదనం కూడా ఉండదు.

హెడ్‌ని బల్ల మీద బోర్లా పెట్టి వాల్వుల మీదుగా స్కేలు పెడితే సంగతి తెలిసిపోతుంది. బాగున్న వాల్వు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. సీటు తినేసిన వాల్వు గుంటలోకి దిగి కనబడుతుంది. వాల్వు తీసి చూస్తే దాని ముఖం మీద చుట్టూ గాడి. ముందు దిగేది దాదాపు ఎప్పుడూ ఎగ్జాస్ట్ వరసే.

సీటు ఎంత గట్టిది అన్నది ఇంజినును బట్టి ఉంటుంది. కంపెనీయే గ్యాస్‌కని తయారుచేసిన బండికి మొదట్లోనే గట్టి సీట్లు, తగిన వాల్వులు వేస్తారు. దక్షిణ కొరియాలో టాక్సీలు ఏళ్ళ తరబడి ఎల్పీజీ మీదే తిరగడం వెనక ఈ జాగ్రత్త కూడా ఉంది. బయట కిట్ పెట్టించుకున్న బండికి ఆ హామీ లేదు.

3. ట్యాపెట్ల చప్పుడు ఆగిపోతే సంతోషించకండి.

ఈ పాఠం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నాకు చాలు. పెట్రోలు బండిలో ట్యాపెట్లు అరిగితే వాల్వు తోకకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య గ్యాప్ పెరుగుతుంది, టకటకమని చప్పుడొస్తుంది, ఓనరే బండి పట్టుకొస్తాడు. గ్యాస్ బండిలో జరిగేది దీనికి తలకిందులు. సీటు అరిగి వాల్వు లోపలికి దిగేకొద్దీ దాని తోక పైకి లేచి రాకర్ వైపు జరుగుతుంది. గ్యాప్ తగ్గుతుంది. చప్పుడు తగ్గుతుంది. "గ్యాస్ పెట్టాక ఇంజిను ఎంత సాఫీగా ఉందో చూడండి" అని ఓనర్ మురిసిపోతూ చెబుతాడు. కొన్నాళ్ళకు గ్యాప్ సున్నా అవుతుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట ఆ సందులోంచి పిచికారీలా దూసుకుపోతుంది. సీటుకు తగలని వాల్వుకు వేడి దిగే దారి లేదు కదా, అంచు కాలి ఒకచోట తునక ఊడిపోతుంది. అప్పుడు ఐడిలింగ్‌లో బండి వణకడం మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే సర్దుకున్నట్టుంటుంది కాబట్టి ఇంకో నెల లాగిస్తారు.

మారుతి 800, ఓమ్ని లాంటి వాటిలో స్క్రూ, లాక్‌నట్ ఉన్న ట్యాపెట్లు. పని సులువు. ఇంజిను బాగా చల్లారనిచ్చి, ఆ సిలిండర్ పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చి ఆగినప్పుడు ఫీలర్ గేజ్ పెట్టాలి. పుస్తకంలో ఉన్న కొలత ఆకు కొంచెం పట్టుతో లోపలికి పోవాలి. సీటు దిగుతున్న బండిలో ఆ ఆకు దూరదు. దానికన్నా పలచన ఆకు పెడతాం, అదీ దూరదు. గేజ్‌లో ఉన్న అన్నిటికన్నా పలచన ఆకు కూడా రాకర్ దగ్గర ఆగిపోయిందంటే ఆ వాల్వుకు రోజులు దగ్గరపడ్డట్టే.

కుర్రాళ్ళకు నేను గట్టిగా చెప్పేది: సెట్టింగ్ చేసే ముందు ఉన్న గ్యాప్ ఎంతో కాగితం మీద రాయండి. ఊరికే కొత్త కొలత పెట్టేసి మూత బిగించేస్తే పాత సమాచారమంతా పోతుంది. కిందటిసారి పెట్టిన కొలతకూ ఈసారి ఉన్న కొలతకూ తేడా చూస్తేనే సీటు ఏ వేగంతో తరుగుతోందో తెలుస్తుంది. నేను కిట్ బిగించిన తర్వాత 5000 కిలోమీటర్లకు ఒకసారి, అక్కణ్ణుంచి ప్రతి 10,000కూ చూస్తాను.

షిమ్‌లు ఉన్న ఇంజిన్లలో ఈ పనికి ఖర్చు ఎక్కువని దాటేస్తుంటారు. కనీసం కొలత అయినా తీయించండి. హైడ్రాలిక్ ట్యాపెట్లుంటే అవి గ్యాప్‌ని తమంతట తామే సర్దుకుంటూ అరుగుదలని దాచిపెడతాయి. సర్దుకునే చోటు అయిపోయిన రోజున ఒక్కసారిగా బయటపడుతుంది. వాటికి ఏడాదికోసారి కంప్రెషన్ చూడటమే దారి.

4. పాత బండ్ల నింద అంతా గ్యాస్‌ది కాదు.

అంబాసిడర్ లాంటి పాత ఇంజిన్లు సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టాయి. ఆ సీసం కాలి వాల్వు సీటు మీద సన్నని పొరగా నిలిచేది. హెడ్ పోతలోనే చెక్కిన మెత్తటి సీట్లకు అదే కాపలా. మన దేశమంతటా సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. బండ్లలో ఎల్పీజీ వాడకానికి కేంద్రం నిబంధనల ఉత్తర్వు తెచ్చింది 2001లో. ఏడాది తేడాతో రెండూ వచ్చిపడేసరికి, పాత బండ్లలో సీట్లు దిగడం చూసిన జనం నెపమంతా గ్యాస్ మీదే పెట్టారు. సీసం లేని పెట్రోలు మీద తిరిగినా ఆ సీట్లు అరిగేవే, గ్యాస్ దాన్ని తొందర చేసింది. ఇప్పటికీ ముచ్చటపడి పాత అంబాసిడర్ ఉంచుకుని గ్యాస్ పెట్టించాలనుకునేవాళ్ళు ముందు గట్టి సీట్లు వేయించి, ఆ తర్వాతే కిట్ సంగతి చూడాలి.

5. మైలేజీ కోసం గ్యాస్ తగ్గించొద్దు.

పాత మిక్సర్ కిట్లలో, ద్రవ గ్యాస్‌ని ఆవిరి చేసే రెడ్యూసర్ నుంచి వచ్చే పైపు మీద ఒక స్క్రూ ఉంటుంది. కాస్త లోపలికి తిప్పితే గ్యాస్ తగ్గుతుంది, మైలేజీ పెరిగినట్టుంటుంది. అసలు లీటరు గ్యాస్‌లో ఉన్న శక్తి లీటరు పెట్రోలు కన్నా తక్కువ. కాబట్టి లీటరు లెక్కన మైలేజీ నాలుగో వంతు దాకా తగ్గడం సహజం. దాన్ని స్క్రూతో రాబట్టాలని చూడటమే ప్రమాదం. గ్యాస్ పలచనైతే మంట నిదానంగా పాకుతుంది. పిస్టన్ కిందికి వెళ్ళి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకు కూడా ఇంకా కాలుతూనే ఉంటుంది. ఆ మంట వాల్వునీ సీటునీ రాసుకుంటూ పోతుంది. సీట్లు తొందరగా దిగిన బండ్లలో చాలావాటికి మూలం ఈ పలచన గ్యాసే.

కొత్త సీక్వెన్షియల్ కిట్లలో స్క్రూ బదులు ల్యాప్‌టాప్ ఉంటుంది. అక్కడ కూడా ఇదే యావ. బిగించిన రోజున ఒకసారి ట్యూనింగ్ చేసి వదిలేయకుండా ఫిల్టర్లు మార్చినప్పుడల్లా సరిచూడమనండి.

6. ప్లగ్గులు.

గ్యాస్‌ని అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గు గ్యాప్ పెరగనివ్వకండి, పాత హెచ్‌టీ వైర్లు మార్చండి. మిస్సింగ్ మీద మిక్సర్ బండి నడిపితే బ్యాక్‌ఫైర్ కొట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగులుతుంది.

7. ఆయిల్ నల్లబడలేదని మార్చకుండా ఉండొద్దు.

స్టిక్ తీసి చూస్తే గ్యాస్ బండి ఆయిల్ నెలల తర్వాత కూడా పచ్చగానే ఉంటుంది. మసి లేదు కాబట్టి నల్లబడలేదు, అంతే. వేడికి అది చిక్కబడుతూనే ఉంటుంది, దానిలో కలిపిన మందులు ఖర్చవుతూనే ఉంటాయి. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకే మార్చండి.

8. రేడియేటర్ నీళ్ళే రెడ్యూసర్‌కి కూడా ప్రాణం.

ద్రవంగా వచ్చే గ్యాస్ రెడ్యూసర్లో ఆవిరి కావాలంటే వేడి కావాలి. అది ఇంజిను నీళ్ళ నుంచే వస్తుంది. నీళ్ళు తగ్గితే రెడ్యూసర్ మీద మంచు పేరుకుని గ్యాస్ తేడాగా వెళుతుంది, అటు హెడ్ కూడా వేడెక్కుతుంది. ఉత్త నీళ్ళు కాకుండా కూలెంటే పోయండి. రెడ్యూసర్ అడుగున చేరే నూనెలాంటి మడ్డిని ఇంజిను వెచ్చగా ఉన్నప్పుడు వదిలించాలి. అది పేరుకుంటే లోపలి డయాఫ్రం గట్టిపడి మళ్ళీ ఐదో పాఠంలోని సమస్యే వస్తుంది.

9. పెట్రోలు వైపు కూడా చూడండి.

ట్యాంకులో పెట్రోలు పంపు మోటారు మునిగేంత పెట్రోలు ఎప్పుడూ ఉండాలి. దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. పొద్దున స్టార్టింగ్ పెట్రోలు మీద, ఇంజిను వెచ్చబడ్డాక గ్యాస్ మీద. వారానికోసారి కొంతదూరం పూర్తిగా పెట్రోలు మీద నడపండి. ఇప్పుడు ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, అది తేమ పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవ పెట్టొద్దు.

10. హైవే మీద కాలు అదుపులో ఉంచండి.

ఊళ్ళో నిదానంగా తిరిగే బండి సీట్ల కన్నా హైదరాబాదు రోడ్డెక్కి ఆగకుండా నూటిరవై మీద పోయే బండి సీట్లు తొందరగా దిగుతాయి. వేడీ ఎక్కువ, దెబ్బలూ ఎక్కువ. ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోకి చుక్కచుక్కగా పడే వాల్వు సేవర్ మందు సీసాలు దొరుకుతాయి. మెత్తటి సీట్లున్న బండికి అవి అరుగుదలని నెమ్మదింపజేస్తాయి కానీ ట్యాపెట్లు కొలవడం మాత్రం తప్పదు.

11. హెడ్ దించాక సగం పని చేయించొద్దు.

సీటు దిగిన హెడ్‌కి వాల్వులు మార్చి, పేస్టు రాసి గ్రైండింగ్ చేసి పంపేసేవాళ్ళు ఉన్నారు. ఖర్చు తక్కువే. అదే మెత్తటి సీటు మీద కొత్త వాల్వు మళ్ళీ గుంట చేసుకుంటుంది. సరైన పని వేరు. పాత సీటుని కోసి తీసేసి, గట్టి లోహంతో చేసిన కొత్త సీటుని బిగువుగా దింపాలి. హెడ్‌ని వేడిచేసి, సీటుని చల్లబరిచి దింపితే తర్వాత ఊడిరాదు. గైడ్లు లూజుంటే ముందు అవి మార్చాలి, లేకపోతే వాల్వు సీటు మధ్యలో కూర్చోదు. తర్వాత మూడు కోణాల కటింగ్: మధ్యలో 45 డిగ్రీలు, పైనా కిందా సర్దుబాటుకు మిగతా రెండు. ఎగ్జాస్ట్ సీటు మరీ సన్నగా ఉంటే వేడి దిగదు, దెబ్బలకు త్వరగా నలుగుతుంది. కాబట్టి ఇన్‌లెట్ కన్నా కాస్త వెడల్పుంచాలి.

చివర్లో రబ్బరు కప్పు కర్ర పెట్టి రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పుతాం. వాల్వు ముఖం మీద చుట్టూ తెగకుండా బూడిదరంగు పట్టీ రావాలి. వాల్వులు, స్ప్రింగులు బిగించాక పోర్టుల్లో కిరసనాయిలు పోసి, హెడ్‌ని పక్కకు తిప్పి చూడండి. వాల్వు అంచు చుట్టూ ఎక్కడా తడి రాకూడదు. ఈ పరీక్ష మీ కళ్ళెదుట చేయమని అడగండి. పని మీద నమ్మకమున్న మనిషి కాదనడు.

సీఎన్‌జీ బండ్లకూ పైన చెప్పినవి దాదాపు అన్నీ వర్తిస్తాయి, అది కూడా పొడి గ్యాసే. కిట్ పెట్టించబోయేవాళ్ళకు నా విన్నపం ఒక్కటి. బిగించే రోజునే, కిట్ కన్నా ముందు, ట్యాపెట్లు కొలిపించండి. ఏ సిలిండర్‌కు ఇన్‌లెట్ ఎంత, ఎగ్జాస్ట్ ఎంత అని బిల్లు వెనక రాయించి ఆర్‌సీతో పాటు దాచుకోండి. ఆ కాగితం ఉంటే తర్వాత మీ బండి ఏ మెకానిక్ దగ్గరకు వెళ్ళినా సీట్లు దిగుతున్నాయో లేదో పావుగంటలో చెప్పగలడు.