వాయనం శనగలు – సాయంత్రం చిరుతిండి

శరన్నవరాత్రులంటే మన ఇళ్ళలో నైవేద్యాల పండుగ. పులిహోర, దద్ధ్యోదనం, అల్లం గారెలు, చక్రపొంగలి - రోజుకొకటి అమ్మవారికి సమర్పించి ప్రసాదంగా స్వీకరిస్తాం. పండుగకు నాలుగు గారెలు తిన్నంత మాత్రాన ఆరోగ్యం పాడైపోదు. మిగిలిన 355 రోజుల సాయంత్రాల గురించే నా ఆలోచన.

సహంలో ఆ సాయంత్రాలు మనకు తెలిసినవే. బడి నుంచి రాగానే చిప్స్ ప్యాకెట్టు, బయటికి వెళితే చిప్స్, చీజ్ చుట్టిన పరోటా, తియ్యటి కరక్ చాయ్. వేసవి నెలల్లో ఎండకు పిల్లల ఆటలు కూడా నాలుగు గోడల మధ్యే.

మన దేశం వారికి మధుమేహం తక్కువ బరువుకే, చిన్న వయసులోనే వస్తుంది. అందుకే పెద్దవారిలో బి.ఎం.ఐ. 25 దాకా ఆగకుండా, 23 దాటగానే జాగ్రత్త పడమంటాం. రోజుకు చక్కెర 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకపోతే మేలు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే సుమారు 35 గ్రాములుంటుంది. ఒమాన్ ప్రభుత్వం 2019 జూన్‌లో ఇటువంటి పానీయాలపై 50 శాతం పన్ను విధించింది. 2020 అక్టోబరులో ఇతర తీపి పానీయాలకూ దాన్ని వర్తింపజేసింది. పన్ను దుకాణం వరకే. ఇంట్లో అలమర మన చేతిలో ఉంది.

దారి మన పేరంటాల్లోనే ఉంది. వాయనంలో ఇచ్చే నానబెట్టిన శనగలను ఉడికించి, చెంచాడు నూనెతో పోపు పెడితే ఇంటిల్లిపాదికీ గుగ్గిళ్ళు. అరకప్పులో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు, 6 గ్రాముల పీచు ఉంటాయి. ఆకలి మెల్లగా తీరుతుంది, రాత్రి భోజనం దాకా నిలుస్తుంది.

ఆచరణలో పెట్టదగినవి:

1. శనగలు, పెసలు, అలసందలు - రాత్రే నానబెట్టండి. ఆకలి వేశాక వెతుక్కుంటే చేతికి దొరికేది ప్యాకెట్టే.

2. చిప్స్ ఇంట్లో నిల్వ ఉంచవద్దు. తినాలనిపించిన రోజు చిన్న ప్యాకెట్టు కొని, పంచుకుని తినండి.

3. దాహానికి మంచినీళ్ళు, పలుచని మజ్జిగ. పండ్ల రసం బదులు పండు.

4. బెల్లం, తేనె కూడా చక్కెర లెక్కలోవే. బాతినా ఖర్జూరం మంచిదే, రెండు మూడు చాలు. మధుమేహం ఉన్నవారు వాటినీ భోజనం లెక్కలో కలుపుకోవాలి.

5. టీవీ ముందు కాక, గిన్నెలో పెట్టుకుని కూర్చుని తినండి. ఎంత తిన్నామో తెలుస్తుంది.

రెండు హెచ్చరికలు. ఐదేళ్ళలోపు పిల్లలకు శనగలు, వేరుశనగ గింజలు గింజలుగా పెట్టవద్దు. శ్వాసనాళంలో పడితే ప్రాణాపాయం. శనగలు మెత్తగా మెదిపి పెట్టండి. మధుమేహానికి మందులు వాడుతూ నవరాత్రి ఉపవాసం ఉండదలచినవారు ముందుగా వైద్యుని అడిగి మోతాదు సరిచేయించుకోవాలి. చెమటలు, వణుకు వచ్చినా, పరీక్షలో చక్కెర 70 కంటే తగ్గినా, వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగి, ఉపవాసం విరమించండి. అమ్మవారు ఆగ్రహించదు.

పిల్లలు మనం చెప్పింది కాక మనం తినేది నేర్చుకుంటారు. ఈ దసరాకు ముందు మన గిన్నెలో గుగ్గిళ్ళు వేసుకుందాం.

అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.